మూడో మూల

పోయిన వారం ఎక్కడ ఆపానో ముందు చెప్పేస్తాను, లేకపోతే నాకే తికమక. అక్క పోయి నాలుగు నెలలైంది. స్వారీశాలలో గుర్రం పడేసిందన్నారు. ఆ గుర్రానికి ప్రాణం తీసే సూది వేయించి పంపించెయ్యాలని బావ నిశ్చయించుకున్నాడు. నేను అడ్డం పడ్డాను. "ఆరు వారాలు టైమివ్వు బావా. నేను దాన్నెక్కి, పగ్గాలు పట్టుకోకుండా నాలుగు మూలలూ తిప్పి చూపిస్తాను. అప్పుడైనా అది మంచిదని ఒప్పుకుంటావా?" అన్నాను. స్వారీశాల బావదే, గుర్రమూ బావదే, మాట మాత్రం నాది. నా మొహం చూసి నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "సరే" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ ఆరు వారాలూ ఇవాళ్టితో సరి. సాయంత్రం నాలుగింటికి గుర్రాల డాక్టరు వస్తాడు. నేను తిప్పి చూపిస్తే టీ తాగి వెళ్తాడు, చూపించలేకపోతే పెట్టె తెరుస్తాడు.

ఇప్పుడు మూడైంది.

నేను కుట్టుపని మనిషిని. పాతికేళ్ళు మిషన్ ముందు కూర్చున్న నడుం నాది. మొదటి రోజు మాస్టారు నా వీపు మీద చెయ్యి వేసి, "ఇదేం వీపమ్మా, కొడవలిలా ఉంది! దీన్ని నిటారు చెయ్యాలంటే నన్ను కాదు, కమ్మరిని పిలవాలి" అన్నారు. మాస్టారికి కళ్ళు కనిపించవు. పన్నెండేళ్ళ కిందట చూపు పోయింది. అంతకుముందు ఆయన్ని మించిన రౌతు లేడని అందరూ అంటారు. చూపు పోయాక మళ్ళీ గుర్రం ఎక్కలేదని కూడా అందరూ అంటారు, ఆయనతో సహా. శాల తలుపు పక్కన, గుర్రం ఎక్కడానికి వేసిన రెండు మెట్ల చెక్క దిమ్మ మీద కూర్చుని, గిట్టల చప్పుడు విని పాఠం చెబుతారు. అక్కకి నేర్పింది కూడా ఆయనే.

స్వారీ అంటే నేననుకున్నది వేరు. ఎక్కడం, అదిలించడం, పోవడం అనుకున్నాను. మొదటి వారం అసలు ఎక్కనివ్వనే లేదు. దువ్వెన పెట్టి దువ్వడం, గిట్టలెత్తి మట్టి తీయడం, పక్కన నిలబడి దాని ఊపిరితో పాటు ఊపిరి తీయడం, ఇంతే. రెండో వారం ఎక్కాను, కానీ రికాబులు తీసేశారు. కాళ్ళు పెట్టుకోవడానికి ఏమీ లేకుండా గుర్రం చిన్న పరుగు తీస్తూంటే, నేను జీను మీద చేటలో కందిపప్పులా ఎగిరాను. ఇంట్లో మెట్లు దిగడానికి గోడ పట్టుకునేదాన్ని. మూడో వారం నుంచి కళ్ళకు గుడ్డ.

కళ్ళకు గుడ్డ కట్టి, గుర్రానికి కట్టిన పొడుగు తాడు తాను పట్టుకుని, చేతులు తొడల మీద పెట్టించి, "కాలు చెప్పు" అంటారు. గుర్రం వెనక కాలు ఏది నేల మీద పడుతోందో, అది పడే క్షణంలోనే పైకి చెప్పాలి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. తల వంచి చూడ్డానికి లేదు. నీ కింద ఏ పక్క లేస్తోందో, ఏ పక్క దిగుతోందో కూర్చున్న చోటుతోనే తెలుసుకోవాలి. మొదట్లో నేను కాలు పడ్డాక చెప్పేదాన్ని. "బస్సు వెళ్ళిపోయాక చెయ్యెత్తినట్టుంది నీ వరస" అనేవారు మాస్టారు. "గుర్రం ఎక్కినవాళ్ళందరూ దానికి చెప్పడం నేర్చుకుంటారమ్మా. వినడం నేర్చుకునేది నూటికొకరు. మీ అక్క విన్నది."

ఆ గుర్రం పేరు బూడిద. దాని రంగు అదే. తల్లి పాలివ్వకపోతే సీసాతో పాలు పట్టి పెంచింది అక్క. అక్క మనుషుల్లో నేనున్నాను, బావ ఉన్నాడు. అక్క చేతుల్లో పెరిగినది మాత్రం ఇదొక్కటే. దీన్ని కూడా పోగొట్టుకోలేను. ఇందులో దాచుకోవడానికేముంది?

ఇక ఇవాళ్టి సంగతి. మధ్యాహ్నం జీన్ల గదిలో బట్టలు మార్చుకుంటుంటే నా స్వారీ ప్యాంటు కుట్టు చర్రున విడిపోయింది. ఊరందరికీ కుట్టిపెట్టేదాని బట్టకే కుట్టు ఊడింది, దీపం కింద చీకటి అంటే ఇదే. సూది దారం వెతకడానికి టైం లేదు. కొక్కేనికి అక్క ప్యాంటు వేలాడుతోంది. నాలుగు నెలలుగా అక్కడే ఉంది, తీసే ధైర్యం ఎవరికీ లేదు. తీసి తొడుక్కున్నాను. నా కొలతే.

ఆ ప్యాంటుకు కుడి పిరుదు మీద రెండు పొరల తోలు అతుకు ఉంటుంది. వేసింది నేనే. అక్కకి పంతొమ్మిదేళ్ళప్పుడు ఎడమ మోకాలు విరిగింది. అతికినా పూర్తి బలం రాలేదు. అందుకని గుర్రం మీద తెలియకుండానే కుడివైపు బరువు వేసి కూర్చునేది. ఎన్ని ప్యాంట్లు కుట్టిచ్చినా ముందు కుడివైపే అరిగేది. "అరిగిన చోట అతుకు వేస్తావు సరే, విరిగిన చోట వెయ్యవే" అని నన్ను ఏడిపించేది. లోకంలో అందరూ గుర్రాన్ని ఎడమ పక్క నుంచి ఎక్కి ఎడమ పక్కకే దిగుతారు. అక్క ఆ మోకాలి వల్ల కుడి పక్క నుంచి ఎక్కేది, కుడి పక్కకే దిగేది. బూడిదకి కూడా అదే అలవాటు చేసింది.

"ఇవాళ తాడు కూడా లేదు" అన్నారు మాస్టారు, నేను ఎక్కి కళ్ళకు గుడ్డ కట్టుకున్నాక. "పగ్గాలు మెడ మీద ముడేసి వదిలెయ్. దానిష్టం వచ్చినట్టు నడవనీ. కాలు చెప్పు."

"ఎడమ. కుడి. ఎడమ. కుడి."

శాలలో రంపపు పొట్టు పరిచి ఉంటుంది. గిట్టలు పెద్దగా మోగవు, మెత్తగా దిగుతాయి. పైన రేకుల కప్పు ఎండకు చిటచిటమంటోంది. మొదటి రౌండు తప్పు లేకుండా చెప్పాను. రెండోదీ అంతే. మూడో రౌండులో చెప్పడం మానేశాను. మానాలని మానలేదు. చెప్పడానికి నేనొకదాన్ని అక్కర్లేదనిపించింది. ఎడమ కాలు దిగితే నా ఎడమ తుంటి దిగుతోంది, అంతే. పాతికేళ్ళ కొడవలి వీపు ఎప్పుడు నిటారైందో తెలియదు. ఒళ్ళు ఇంత తేలిగ్గా ఉండగలదని నాకు జీవితంలో తెలియదు. ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

"ఎవరది?" అన్నారు మాస్టారు.

తలుపు దగ్గరికి ఎవరో వచ్చారనుకున్నాను. "ఎవరూ రాలేదే?"

"గుర్రం మీద ఎవరమ్మా?"

నవ్వొచ్చింది. "ఇంకెవరు మాస్టారూ? నేనే."

"నువ్వు కాదు."

ఆ గొంతులో వేళాకోళం లేదు. నా నవ్వు ఆగిపోయింది.

"ఎడమ వెనక కాలు ఆలస్యంగా పడుతోంది" అన్నారాయన. "వెంట్రుకవాసి. నీ కింద అలా ఎప్పుడూ పడలేదు. నాలుగు నెలలైంది నేను ఆ చప్పుడు విని."

అప్పుడు అర్థమైంది నాకు. ఆ రెండు పొరల తోలు! అది కింద ఎత్తుగా ఉండేసరికి, తెలియకుండానే నేను అక్కలాగా కూర్చున్నాను. గుడ్డ కాస్త పైకి లేపి, శాల చివర గోడకున్న పెద్ద అద్దంలోకి చూశాను. కుడి భుజం కొద్దిగా దిగి ఉంది. మెడ కొద్దిగా ఎడమకు తిరిగి ఉంది. ఆ మనిషిని నేను ఎరుగుదును.

"అక్క ప్యాంటు వేసుకున్నాను మాస్టారూ. మీకు చెప్పలేదు. నాది చిరిగింది" అన్నాను.

కారణం తెలిసింది కదా, ఆయన స్థిమితపడతారనుకున్నాను. లేచి నిలబడ్డారు. "దిగు" అన్నారు. "దిగి, అది విప్పి అవతల పడెయ్."

"ఇంకో గంటలో డాక్టరొస్తాడు. ఇప్పుడే కదా కుదిరింది, ఎలా దిగమంటారు?"

"చెప్పిన మాట విను. మూడో మూల దాకా వెళ్ళకు. దిగు!"

ఎందుకు వెళ్ళకూడదని అడిగేలోపు మూడో మూల రానే వచ్చింది.

మా శాలలో మూలలకి వరస లెక్క. తలుపు దగ్గరది ఒకటి, అద్దం గోడకు అటూ ఇటూ రెండూ మూడూ, మళ్ళీ తలుపు వైపుది నాలుగు. మూడో మూలలో బూడిద దానంతటదే ఆగింది. ఆగి, కుడి భుజం దించింది. ఎవరైనా దిగేటప్పుడు వాళ్ళకి వీలుగా ఒంగినట్టు ఒంగి, కదలకుండా నిలబడింది. నేను దిగలేదు. మనిషి దిగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, ఒక నిట్టూర్పు విడిచి, నడక మొదలుపెట్టింది.

ఆ నడక గురించి ఎలా చెప్పాలో నాకు తెలియదు. నేను దాని వీపు మీదే ఉన్నాను. అది మాత్రం వీపు ఖాళీ అయినట్టు నడుస్తోంది. ఆరు వారాలుగా నా కింద ప్రతి కండా నా బరువుకు బదులు పలికేది. ఇప్పుడు ఏదీ పలకడం లేదు. నేను లేను దానికి. తల కిందికి దించి, కుడి పక్కకు వంచి, పక్కనే ఎవరో నడుస్తుంటే వాళ్ళ భుజానికి మూతి ఆనించినట్టు నడుస్తోంది. కుడి చెవి అటే తిప్పి ఉంచింది.

గుడ్డ పీకేశాను. పక్కన ఎవరూ లేరు. పొట్టులోకి చూశాను. గిట్టల గుర్తులు తప్ప ఏమీ లేవు. ఇంకేదో ఉంటుందని చూసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

తిన్నగా మాస్టారు నిలబడ్డ చెక్క దిమ్మ దగ్గరికి వచ్చి ఆగింది బూడిద. దిమ్మ పక్కన ఆగడం ఏ గుర్రానికైనా అలవాటే, అందులో వింత లేదు. కానీ ఆరు వారాలుగా చూస్తున్నాను, ఇది ఎప్పుడు ఆగినా కుడి పక్క దిమ్మకి ఆనించి ఆగుతుంది. అక్క నేర్పింది అదే. నేనూ అటునుంచే ఎక్కుతాను. ఇవాళ గుండ్రంగా తిరిగి వచ్చి ఎడమ పక్క ఆనించింది. అందరూ ఎక్కే వైపు. ఎడమ భుజం దించి, ఎదురుచూస్తూ నిలబడింది.

మాస్టారి ఎడమ చెయ్యి లేచింది. వెతుక్కోలేదు, తడుముకోలేదు. సూటిగా వచ్చి మెడ మీది జూలు గుప్పిట పట్టింది, గుర్రం ఎక్కబోయేవాళ్ళు పట్టినట్టు. ఎడమ కాలు కూడా కొంచెం లేచింది. అంతలో ఆయనకి తెలివొచ్చినట్టయింది.

"వద్దే" అన్నారు. నాతో కాదు, గుర్రంతో. "వద్దే తల్లీ. ఇవాళ నేను ఎక్కను."

కప్పు మీద రేకులు చిటచిటమంటూనే ఉన్నాయి.

"మాస్టారూ" అన్నాను. "ఆ రోజు అక్క మూడో మూలలో దిగింది. తనంతట తనే దిగింది. కదూ?"

ఆయన పిడికిలి జూలు మీద బిగుసుకుంది.

"దిగి, దీన్ని మీ దగ్గరికి నడిపించుకొచ్చింది. ఎక్కింది మీరు."

ఆయన దిమ్మ మీద కూలబడ్డారు. జూలు మాత్రం వదల్లేదు.

"పన్నెండేళ్ళు" అన్నారు. "పన్నెండేళ్ళు చెవులతో స్వారీ చేశానమ్మా. మీ అక్కకి నా ఆశ తెలిసిపోయింది. ఆ రోజు ఎవరూ లేరు శాలలో. 'ఒక్క రౌండు మాస్టారూ, నేను మూలలో నిలబడి పిలుస్తాను, నా గొంతు వైపు రండి' అంది. కాదనలేకపోయాను. అబద్ధమెందుకు, ఎగిరి గంతేశాను. ముసలాణ్ణి, సిగ్గు లేకుండా."

"తర్వాత?"

"తర్వాతేముంది, దౌడు తీయించాను. నడక చాలుగా? చాలదు నాకు. మూడో మూల నుంచి మీ అక్క పిలుస్తోంది. అటే పోతున్నాను. సగం దూరం పోయాక పిలుపు ఇంకో వైపు నుంచి వచ్చింది. అటు తిప్పాను. గుర్రం వద్దంది. తల అడ్డంగా ఊపింది, వీపు బిగించింది. వినడం నేర్చుకో, వినడం నేర్చుకో అని ఊరందరికీ చెప్పేవాణ్ణి కదా, ఆ ఒక్కసారి నేను విన్లేదు. మడమలు పెట్టి పొడిచాను. నన్ను ఆపడానికి పరిగెత్తుకొచ్చిందేమో, రెండు మూలలకీ మధ్యలో ఉంది మీ అక్క. తగిలాక తెలిసింది."

నాకు కోపం వచ్చింది. దుఃఖం ముందొస్తుందనుకున్నాను, కోపమే ముందొచ్చింది. "మరి గుర్రం పడేసిందని చెప్పిందెవరు? నాలుగు నెలలు! దీన్ని చంపడానికి మనిషిని పిలిచారు, మీరు నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూర్చున్నారే!"

"నేను చెప్పలేదమ్మా. మీ బావ పరిగెత్తుకొచ్చాడు. 'గుర్రం పడేసిందా మాస్టారూ?' అన్నాడు. నేను ఊ అన్నాను. ఒక్క ఊ. దాన్ని వెనక్కి తీసుకోవడానికి రోజూ నోరు తెరిచేవాణ్ణి, రాత్రికి మూసేవాణ్ణి. నువ్వు వచ్చి గుర్రం ఎక్కుతానన్నావు. పోనీలే, ఈ పిల్లకి నేర్పిస్తే గుర్రం బతుకుతుంది, నేను చెప్పక్కర్లేకుండా పోతుంది అనుకున్నాను. నీకు నేర్పింది అందుకే."

ఇంత మంచి పాఠం ఇంత పిరికితనంతో చెప్పారా అని ఆయన్ని చూస్తూ ఉండిపోయాను. కొట్టాలనిపించింది. ఆ ముడతల చెయ్యి జూలు వదలకుండా పట్టుకుని ఉంటే కొట్టలేననిపించింది.

"డాక్టరుకి చెప్తారా లేదా?" అన్నాను.

"చెప్తాను. మీ బావ ముందే చెప్తాను. గుర్రం జోలికి ఎవరూ రారు. నా సంగతి మీ ఇష్టం. కానీ ఒక్కటి తేలాలి తల్లీ. అది తేలకుండా నేను చెప్పేది సగం నిజమే."

"ఏమిటది?"

"రెండో పిలుపు. మూడో మూలలో ఉన్న మనిషి గొంతు రెండో మూల నుంచి ఎలా వచ్చింది? మీ అక్క గొంతే. నా చెవి గొంతు పోల్చుకోవడంలో పొరపాటు పడదు. అలాగని దిక్కు పోల్చుకోవడంలోనూ ఎప్పుడూ పడలేదు. దౌడులో ఉన్నాను కాబట్టి గోడ నుంచి తిరిగొచ్చిన చప్పుడు విని మోసపోయానా? అయితే తప్పు నాది, నా చెవిది. కాకపోతే..." మిగతా మాట మింగేశారు. "మీ ఇద్దరిదీ ఒకే గొంతు. ఫోన్లో మీ బావే తికమకపడేవాడు. నువ్వు వెళ్ళి మూడో మూలలో నిలబడి, మీ అక్క పిలిచినట్టు పిలు. నేను ఎక్కి నడకలో వస్తాను. దౌడు వద్దు, ఒట్టు. నాకు రెండో మూల నుంచి వినిపిస్తే నా చెవే దోషి. అప్పుడు మనసు రాయి చేసుకుని అంతా చెప్పేస్తాను."

గోడ గడియారం మూడున్నర దాటింది. ఒప్పుకోకపోతే ఆయన నోరు మళ్ళీ మూసుకుపోతుందేమోనన్న భయం ఒక పక్క. అక్క నిలబడ్డ చోట నిలబడాలన్న భయం ఇంకో పక్క. మొదటి భయమే పెద్దదైంది. కుడి పక్కకు దిగాను. ఆయన్ని ఎడమ పక్క నుంచి ఎక్కించాను.

ఆయన జీను మీద కూర్చోగానే బూడిద చెవులు నిక్కబొడిచింది. కాళ్ళు సర్దుకుని, మెడ ఎత్తి, పదేళ్ళు చిన్నదైపోయినట్టు నిలబడింది. కింద ఉన్నంతసేపూ వంగి నడిచే ముసలాయన, పైన నిట్రాటలా ఉన్నాడు. ఇంతకాలం నేను నేర్చుకున్నది ఏ మూలకీ రాదని అప్పుడర్థమైంది నాకు.

శాల పొడుగూతా నడిచి మూడో మూలకి వెళ్ళాను. పొట్టులో నా అడుగులు పడుతున్నాయి. అద్దం పక్కనుంచి వెళ్తూ అందులోకి చూడలేదు, చూడదల్చుకోలేదు. మూలలో గోడకి వీపు ఆనించి నిలబడ్డాను. నాకెదురుగా రెండో మూల ఖాళీగా ఉంది. నీళ్ళ బకెట్టు కూడా లేదు అక్కడ.

"సిద్ధమేనా?" అని కేకేశారు మాస్టారు.

తలూపాను, ఆయనకి కనిపించదని మరిచిపోయి.

బూడిద కదిలింది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. పది అడుగులు. పదిహేను. నేను గుటక మింగి, ఊపిరి పీల్చి, నోరు తెరిచాను.

"ఇక్కడ, మాస్టారూ. ఇక్కడ."

బూడిద చెవులు రెండూ ఒక్కసారిగా రెండో మూలకి తిరిగాయి. మాస్టారు పగ్గాలు బిగించి గుర్రాన్ని ఆపారు. ఆయన మొహంలో నాలుగు నెలల బరువు దిగిపోవడం అంత దూరం నుంచి కూడా నాకు కనిపించింది. కళ్ళు తుడుచుకుంటున్నారు, నవ్వుతున్నారు.

"నా చెవే తల్లీ! మోసం చేసింది నా చెవే. నువ్వు అక్కణ్ణుంచి పిలిస్తే నాకు రెండో మూల నుంచి వినిపించింది!"

నేనింకా పిలవనే లేదు.